ధైర్యం సరే, ఆ కొలత సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో మూకీ కామెడీల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ముందుగా థాంక్స్ అండి, ఎందుకంటే వందేళ్ల కిందటి సినిమాలకి ఇప్పుడు ఎవరూ పావు పేజీ కూడా ఇవ్వట్లేదు, మీరు పేజీ మొత్తం ఇచ్చారు. కానీ చదువుతున్నంతసేపూ ఒకటి మాత్రం పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. పొడుగైపోతే కత్తిరించి వేసుకోండి పర్లేదు, కెమెరా గురించి రాసిన ముక్క మాత్రం దయచేసి ఉంచండి.

వ్యాసం మొత్తం మీద తేలిందేంటంటే, అప్పట్లో గ్రాఫిక్స్ లేవు టెక్నాలజీ లేదు కాబట్టి పాపం వాళ్ళు ప్రాణాలకి తెగించి దూకారు, పడ్డారు, దెబ్బలు తిన్నారు, మనం నవ్వుకున్నాం, అంతే. మూకీల కాలం నాటి అమెరికా కామెడీ నటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ గురించి రాసింది కూడా అదే ధోరణి, రైలు మీంచి దూకాడు మెడ విరగ్గొట్టుకున్నాడు అయినా మొహంలో నవ్వు లేదు అని. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే అసలు విషయం పక్కన పెట్టి కొసరు చెప్పినట్టు ఉంది. దూకే ధైర్యం ఉన్నవాళ్ళు అప్పుడూ బోలెడుమంది, ఇప్పుడూ బోలెడుమంది. కీటన్ ని వందేళ్ల తర్వాత కూడా కూర్చోబెట్టి చూసేలా చేసింది ధైర్యం కాదండి, కొలత. ఎక్కడ నిలబడాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, షాటు ఎక్కడ కట్ చెయ్యాలి, ఎక్కడ చచ్చినా కట్ చెయ్యకూడదు, ఈ లెక్క.

ముందు ఒక చిన్న సవరణ. ఇంటి ముందు గోడ మొత్తం ఊడి మీద పడుతుంటే ఆయన సరిగ్గా కిటికీ ఖాళీలో నిలబడి బతికిపోయే ఫోటో పెద్దది వేసి, కింద షెర్లాక్ జూనియర్ అని రాసారు. అది ఆ సినిమాలోది కాదు. అది 1928 లో వచ్చిన స్టీమ్‌బోట్ బిల్ జూనియర్. రెండిట్లోనూ జూనియర్ ఉంది కాబట్టి పొరపాటు సహజమే. కానీ ఆ ఫోటో కూడా నేను చెప్పేదానికే సాక్ష్యం. గోడ నిజమైన బరువుది, ఆయన చుట్టూ కిటికీకి వదిలిన ఖాళీ కొద్ది అంగుళాలే. నిలబడినవాడు ధైర్యవంతుడే, ఒప్పుకుంటా, కానీ ఆ కిటికీ ఎక్కడ పెట్టాలో లెక్కేసినవాడు ఇంకా గొప్పోడు, రెండు పనులూ చేసింది ఒకే మనిషి.

ఇక షెర్లాక్ జూనియర్ సంగతి. 1924 లో వచ్చింది, మొత్తం కలిపి 45 నిమిషాలే. ప్రివ్యూల్లో అనుకున్నంత నవ్వులు రాలేదని కీటనే కూర్చుని కోసి కోసి అంతకి తెచ్చాడు. మన దగ్గర మూడు గంటల సినిమాకి పావుగంట తీసెయ్యమంటే డైరెక్టర్లు అలుగుతారు, ఈయన సొంత సినిమాని కండ లేకుండా ఎముకల దాకా చెక్కేసుకున్నాడు. అయినా అప్పట్లో ఆయన మిగతా హిట్ల స్థాయిలో ఆడలేదు. అమెరికా వాళ్ళు భద్రపరచాల్సిన సినిమాల జాబితా, నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ, అందులో దీన్ని చేర్చింది 1991 లో. అప్పటికి కీటన్ పోయి పాతికేళ్లు.

కథ చాలా చిన్నది. హీరో ఒక థియేటర్లో ఆపరేటర్, ప్రొజెక్టర్ తిప్పుతాడు, ఊడుస్తాడు కూడా, మధ్యలో డిటెక్టివ్ అవడం ఎలా అనే పుస్తకం చదువుకుంటూ ఉంటాడు. ఒక అమ్మాయిని ఇష్టపడతాడు. చేతిలో డబ్బుల్లేవు, ఒక్క డాలరు పెట్టి చాక్లెట్ల డబ్బా కొంటాడు, అది మరీ చవకగా కనపడుతుందని వెనకాల ఉన్న ధర మీద 1 ని 4 గా దిద్దేస్తాడు. పోటీవాడు ఇంకో దుర్మార్గం చేస్తాడు, అమ్మాయి నాన్న గడియారం కొట్టేసి నాలుగు డాలర్లకి తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో పెద్ద చాక్లెట్ డబ్బా కొనుక్కొచ్చి, తాకట్టు చీటీ తీసుకెళ్ళి మనవాడి జేబులో పడేస్తాడు. చీటీ మీద నాలుగు డాలర్లు, డబ్బా మీద నాలుగు డాలర్లు. ఇంకేం కావాలి. గొప్ప కోసం గీసుకున్న ఒక్క గీతే వాడిని దొంగని చేసేసింది. ఒక్క డైలాగు లేకుండా, కోర్టు సీను లేకుండా, రెండు అంకెలు పక్కపక్కన పెట్టి కేసు ఎలా బిగించాడో చూడండి. దీన్ని కిందామీదా పడే కామెడీ అని ఎలా అంటామండి.

దొంగ అని అమ్మాయి ఇంట్లోంచి గెంటేసాక, పుస్తకంలో చెప్పినట్టు అనుమానితుణ్ణి, అంటే ఆ పోటీవాడినే, వెంబడిస్తాడు. దగ్గరగా వెంబడించాలి అని పుస్తకంలో ఉంది, ఇతనేమో మరీ దగ్గరగా, వాడి వీపుకి ఒక్క అడుగు వెనక, వాడు ఎడమ కాలు వేస్తే ఇతనూ ఎడమ కాలు, వాడు ఆగితే ఇతనూ ఆగడం, వాడు కాస్త తూలితే ఇతనూ అదే లెక్కలో తూలడం. నడుస్తూ నడుస్తూ వాడు కాలుస్తున్న సిగరెట్ ని చూసుకోకుండా వెనక్కి విసిరేస్తాడు, ఇతను దాన్ని గాల్లోనే పట్టుకుని ఒక్క దమ్ము లాగి తనూ వెనక్కి విసిరేస్తాడు. అడుగు తప్పదు. కెమెరా పక్కనుంచి వాళ్ళతోపాటే వెళ్తూ ఉంటుంది, మాయా లేదు మర్మం లేదు, ఇద్దరు మనుషులూ లయా, అంతే. ఇది చూసాక వార్డ్ క్రేన్ అనే ఆ విలన్ నటుడికి కూడా దండం పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే ముందు నడిచేవాడు ఒక్క అంగుళం తేడాగా నడిస్తే వెనకోడి పని అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు ముక్క. అవమానంతో థియేటర్ కి వచ్చి, రీలు వేసి, ప్రొజెక్టర్ పక్కనే నిద్రపోతాడు. నిద్రపోతున్న మనిషిలోంచి ఇంకో మనిషి, పొగలాగా పారదర్శకంగా, లేచి నిలబడతాడు. కెమెరాని కదలకుండా బిగించేసి, ఒకసారి తీసిన ఫిల్మునే వెనక్కి తిప్పి దాని మీదే మళ్ళీ తీయడం, డబుల్ ఎక్స్‌పోజర్ అంటారు, కంప్యూటర్ ఏం లేదు, చేత్తో తిప్పే కెమెరా. ట్రిక్కు అప్పటికే పాతది, కీటన్ కనిపెట్టింది కాదు. కానీ ఆ కలలో మనిషి బయటికి వెళ్ళబోతూ కొక్కేనికి ఉన్న టోపీ తీసుకుంటాడు చూసారా, తీస్తే చేతిలోకి టోపీ తాలూకు నీడ మాత్రమే వస్తుంది, అసలు టోపీ కొక్కేనికే ఉంటుంది. దెయ్యాన్ని ఎవరైనా చూపిస్తారు, టోపీకి కూడా దెయ్యం ఉంటుందని ఆలోచించినవాడు ఈయన.

ఆ కలమనిషి హాల్లోకి దిగి, తెర మీద నడుస్తున్న సినిమా చూస్తే అందులో హీరోయిన్ తన పిల్లే, విలన్ తన పోటీవాడే. ఆగలేక నడవలోంచి వెళ్ళి, వాద్యాలు వాయించేవాళ్ళ ముందునుంచి పైకెక్కి, తెరలోకి దూరిపోతాడు. విలన్ పట్టుకుని తెరలోంచి బయటికి, హాల్లోకి విసిరేస్తాడు. ఇక్కడ ఎంత తెలివంటే అది తెర కానే కాదు. తెర ఉండాల్సిన చోట చట్రం కట్టి లోపల నిజం సెట్టు వేసి, లైటింగు మాత్రం తెర మీద బొమ్మ పడుతున్నట్టు అనిపించేలా కొట్టారు. అంటే సినిమాలాగా కనపడే నాటకం అది! మనం సినిమా అనుకుని చూస్తుంటే వాడు అందులోకి ఎక్కేసరికి గుండె ఝల్లుమంటుంది. మాయ అంతా లైట్లదీ, చట్రం కొలతలదీ.

రెండోసారి ఎక్కుతాడు. ఈసారి నిజంగానే ఫిల్ము మాయ. ఇంటి గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు, మెట్లు దిగబోతాడు, దిగేలోపు షాటు మారిపోతుంది, అది తోట, మెట్టు ఉండాల్సిన చోట బెంచీ, దాని మీంచి కింద పడతాడు. సరే అని లేచి అదే బెంచీ మీద కూర్చోబోతాడు, కూర్చునేలోపు మళ్ళీ కట్, అది బండ్లు తిరుగుతున్న రోడ్డు, బెంచీ లేదు, వెల్లకిలా పడతాడు. లేచి నడుచుకుంటూ వెళ్తుంటే కట్, కొండ అంచు, ఒక్క అడుగు వేస్తే లోయ. కాళ్ళు తన్నిపెట్టి ఆగి మెడ చాచి లోయలోకి తొంగి చూస్తుంటే కట్, అడవి, రెండు సింహాల మధ్య అదే తొంగి చూసే భంగిమలో ఉన్నాడు. మెల్లగా జారుకుంటుంటే ఎడారి, పక్కనుంచి రైలు దూసుకుపోతుంది. అమ్మయ్య అని ఒక దిబ్బ మీద కూర్చుంటే అది సముద్రం మధ్యలో రాయి, అలలు కొడుతుంటాయి. సరే నీళ్ళే కదా అని తల ముందుకి పెట్టి దూకుతాడు, దూకింది సముద్రంలోకి, పడింది మంచులోకి, నడుం దాకా కూరుకుపోయి కాళ్ళు పైకి. లేచి చెట్టుకి చెయ్యి ఆనించబోతే మళ్ళీ మొదటి తోట, చెట్టు లేదు, మళ్ళీ పడటం.

ఇదంతా చదువుతుంటే పడటమే కదా అనిపిస్తుంది. చూస్తే తెలుస్తుంది. ఎందుకంటే కట్ పడ్డ క్షణంలో మనిషి మాత్రం మారడు. భంగిమ అదే, తెర మీద ఉన్న చోటు అదే, సైజు అదే, ఊపు కూడా అదే, చుట్టూ లోకం మాత్రం మారిపోతుంది. దూకడం ఒక చోట, పడటం ఇంకో చోట, రెండూ వేరే వేరే రోజుల్లో తీసినవి, అయినా గాల్లో అతుకు కనపడదు. దీని కోసం కీటన్, ఆయన కెమెరామన్ ఎల్గిన్ లెస్లీ కలిసి, భూములు సర్వే చేసేవాళ్ళు వాడే పరికరాలు తెచ్చుకుని, కెమెరాకీ మనిషికీ మధ్య దూరం, ఎత్తు, కోణం అన్నీ కొలుచుకుని, ప్రతి కొత్త చోటులోనూ అదే కొలతకి మనిషిని నిలబెట్టారు. సముద్రం దగ్గర కొలిచింది మంచులో సరిపోవాలి. అప్పటి కెమెరాలో తీస్తూ తీస్తూ చూసుకునే మానిటర్ లేదు, ఫిల్ము కడిగితే గానీ తేలదు, చెయ్యి తిప్పే వేగం కూడా ఒకటే ఉండాలి, లేకపోతే కదలిక తేడా కొట్టేస్తుంది. ఆ రోజుల్లో మిగతా కెమెరామన్లు ఇది ఎలా తీసారో అర్థం కాక మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసారని కీటన్ పెద్దయ్యాక ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. కాస్త గర్వంగానే చెప్పుకున్నాడు, చెప్పుకోవాలి కూడా.

ఇంకా లోపలికి వెళ్తే, ఈ సీను ఎవరి మీద జోకు అని ఆలోచించండి. సినిమాలో ఒక షాటు నుంచి ఇంకో షాటుకి దూకడం మనకి ఎంత అలవాటైపోయిందంటే అసలు కనపడదు. ఇక్కడ గుమ్మం, తర్వాత తోట, తర్వాత రోడ్డు, మనం కుర్చీలో హాయిగా కూర్చుని అర్థం చేసేసుకుంటాం. కానీ పాపం ఆ లోపల నిజమైన మనిషి ఒకడు ఇరుక్కుంటే వాడి గతేంటి? కట్ పడేటప్పుడు వాడి కాలు గాల్లో ఉంటే? ఈ ప్రశ్న 1924 లో ఒక కామెడీ నటుడికి వచ్చింది. ఎడిటింగ్ గురించి పెద్ద పెద్ద సిద్ధాంతాలు రాసినవాళ్ళు ఉన్నారు, ఈయన ఒక్క సిద్ధాంతం రాయకుండా, ఎడిటింగ్ అంటే ఏంటో పడుతూ లేస్తూ చూపించేసాడు. టెక్నాలజీ లేక చేసిన పని కాదండి ఇది, ఉన్న టెక్నాలజీని అడుగంటా అర్థం చేసుకున్నవాడు చేసిన పని. 1917 లో మొదటిసారి స్టూడియోకి వెళ్ళినప్పుడే కెమెరా విప్పి లోపల ఏముందో చూసాడని చెప్తారు, ఈ సీను చూసాక ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

సరే, ఇదంతా కట్ తో చేసిన మాయ. ఇదే సినిమాలో కాసేపటికి దీనికి పూర్తిగా రివర్సు చేస్తాడు. కలలో ఇప్పుడు ఇతను మహా గొప్ప డిటెక్టివ్, ముత్యాల హారం దొంగల్ని పట్టుకోవాలి. దొంగల ఇంట్లో ఇరుక్కుంటాడు. లోపలికి వెళ్ళే ముందే కిటికీలో ఒక గుండ్రటి పెట్టె లాంటిది పెట్టి ఉంచుతాడు, అందులో ఆడవాళ్ళ గౌను మడిచి ఉంటుంది. తప్పించుకునేటప్పుడు ఆ కిటికీలోంచి దూకుతాడు, బయట నేల మీద పొర్లి లేచేసరికి ఒంటి మీద గౌను, ముసలావిడ అయిపోయి కుంటుకుంటూ నడిచి వెళ్ళిపోతుంది. మామూలు డైరెక్టర్ అయితే లోపల దూకడం ఒక షాటు, బయట గౌనుతో లేవడం ఒక షాటు పెట్టి పని కానిచ్చేస్తాడు. కీటన్ ఏం చేసాడంటే ఇంటి గోడనే తీసేసాడు. లోపలా బయటా రెండూ ఒకేసారి మనకి కనపడుతుంటాయి, మనిషి లోపల్నించి దూకి బయట గౌనుతో లేచేదాకా ఒకటే షాటు, ఎక్కడా కత్తెర లేదు. ఇదిగో చూసుకోండి, మోసం లేదు అని చెప్పడానికే ఆ గోడ తీసింది.

ఆ వెంటనే ఇంకోటి, ఇది నాకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు. దొంగలు తరుముతుంటే సందు చివర చెక్క గోడ, దారి లేదు. ఇతని అసిస్టెంట్ ముసలి ఆవిడ వేషంలో మెడకి తెరిచిన చిన్న పెట్టె తగిలించుకుని ఏవో అమ్ముతున్నట్టు నిలబడి ఉంటాడు. పెట్టెలోకి దూకు అని సైగ చేస్తాడు. కీటన్ పరిగెత్తుకుంటూ వచ్చి ఆ పెట్టెలోకి తలదూర్చి దూకితే మనిషి మొత్తం పెట్టెలోంచి, ఆవిడ పొట్టలోంచి దూరి మాయమైపోతాడు. తర్వాత ఆవిడ గోడ వదిలి తాపీగా నడిచి వెళ్ళిపోతుంది. కట్ లేదు. ఇది చిన్నప్పటి నుంచీ ఆయన పెరిగిన వాడెవిల్ (పాటలు, హాస్యం, గారడీలు కలిపి వేసే అమెరికా స్టేజీ ప్రదర్శన) స్టేజీ మీద ఉన్న పాత గారడీ, గోడకి రహస్య తలుపు, వేషంలో ఉన్న మనిషి ఒళ్ళు గోడ వెనకాల అడ్డంగా, ముందు వేలాడేది ఖాళీ గౌను. కిటుకు తెలిసినా సరే చూసిన ప్రతిసారీ కళ్ళు నలుపుకోవాల్సిందే. అమ్మా నాన్నలతో కలిసి పసితనంలోనే స్టేజీ ఎక్కినవాడు కదా, ఆ నాన్న జో కీటన్ ఈ సినిమాలో అమ్మాయి తండ్రి వేషం కూడా వేసాడు.

ఇక్కడే నాకు మీ వ్యాసంతో అసలు పేచీ. ఒకే సినిమాలో, ఒకే మనిషి, ఒక చోట కట్ ని అందరికీ కనపడేలా బయటపెట్టి దాన్నే జోకు చేసాడు, ఇంకో చోట కట్ అనే మాటే లేకుండా గోడ కూల్చి చూపించాడు. ఎక్కడ ఏది కావాలో తెలియడం, అదండీ కొత్తదనం. ఇప్పుడు మన దగ్గర ఎన్ని కోట్ల గ్రాఫిక్స్ పెట్టినా హీరో ఒక దెబ్బ కొడితే అయిదు కట్లు పడతాయి, ఎవడు ఎవడ్ని కొట్టాడో కూడా తెలీదు. డబ్బు తక్కువై కాదు, ఈ షాటు ఎందుకు కట్ చెయ్యాలి అని ఎవరూ అడగకపోవడం వల్ల. (ఇది రాస్తే మా ఇంట్లో కుర్రాళ్ళు ముసలి గోల అంటారు, అననివ్వండి.)

మెడ విరిగిన సంగతి కూడా చెప్పేస్తా, ఎందుకంటే మీ వ్యాసంలో దానికి పెద్ద పేరానే ఇచ్చారు. గూడ్సు బండి కదులుతూ ఉంటుంది, ఇతను పైకప్పుల మీద బండి వెళ్ళే దిక్కుకి ఎదురుగా పరిగెడుతుంటాడు, అంటే బండి అటు పోతుంటే ఇతను ఇటు, చివరి పెట్టె అయిపోయాక కింద నేల తప్ప ఏమీ లేని చోట ఇంజన్లకి నీళ్ళు పట్టే గొట్టం తాడు పట్టుకుని వేలాడతాడు. బరువుకి గొట్టం కిందకి వంగుతుంది, నీళ్ళు ధడాలున మీద పడతాయి, ఆ పోటుకి పట్టాల మీద పడి మెడ కొట్టుకుంది. తలనొప్పితోనే షూటింగు చేసేసాడు, మెడ ఎముక చిట్లిందని ఎన్నో ఏళ్ళ తర్వాత ఎక్స్‌రే లో బయటపడింది. నిజం. బాధాకరం. కానీ ఆ షాటులో ఇంకా ఏం ఉందో చూడండి, ఇతను లేచి పారిపోయాక, పట్టాల మీద చిన్న తోపుడు బండిలో ఇద్దరు మనుషులు వచ్చి అవే నీళ్ళ కింద తడిసి ముద్దయిపోతారు. అంటే దెబ్బ తగిలింది అనుకోకుండా, నవ్వు మాత్రం ముందే లెక్కేసి పెట్టింది. మనం దెబ్బని గుర్తుపెట్టుకుని లెక్కని మర్చిపోతున్నాం.

మోటార్ సైకిల్ ఛేజ్ గురించి మీ వ్యాసకర్త ఒక్క వాక్యంతో సరిపెట్టేసారు, అది అన్యాయం. ఇతను హ్యాండిల్ మీద కూర్చుంటాడు, వెనక అసిస్టెంట్ నడుపుతుంటాడు, గుంతలో బండి ఎగిరేసరికి నడిపేవాడు కింద పడిపోతాడు, ఈ సంగతి ఇతనికి తెలీదు, బండి ఎవరో నడుపుతున్నారనే ధీమాతో ముందు కూర్చుని పోతూనే ఉంటాడు. ఆ పడిపోయేవాడికి డూపు ఎవరో తెలుసా, కీటనే! హీరో పోయి అసిస్టెంట్ కి డూపు వేసిన సినిమా ఇంకోటి ఉంటే చెప్పండి. తర్వాత రోడ్డు పక్కన కాలువ తవ్వేవాళ్ళు వరసగా పారలతో మట్టి ఎత్తి పోస్తుంటే ఒకడి తర్వాత ఒకడిది సరిగ్గా ఇతని మొహం మీదే పడటం, తాడులాగే పోటీ వాళ్ళ తాడు తగులుకుని ఆ మనుషులందరినీ ఈడ్చుకుపోవడం, ఎదురుగా అడ్డంగా ఉన్న దుంగ సరిగ్గా చేరే ముందు పేలిపోవడం. మధ్యలో విరిగిన వంతెన ఒకటి, ఇటు కొస నుంచి అటు కొసకి ఖాళీ, సరిగ్గా ఇతను వచ్చే క్షణానికి కింద ఎదురెదురుగా వస్తున్న రెండు లారీలు ఆ ఖాళీలో ఒకదాని పక్కన ఒకటి వస్తాయి, వాటి టాపుల మీంచి దాటేస్తాడు. దాటాక ఆ వైపు వంతెన కూడా కూలి మెత్తగా కిందకి దించేస్తుంది. ఇన్నిట్లోనూ మొహంలో ఏ మార్పూ ఉండదు, ఎందుకంటే అతని దృష్టిలో అసలు ప్రమాదమే లేదు, డ్రైవర్ ఉన్నాడుగా. నవ్వు లేని మొహం అని అందరూ అంటారు గానీ ఇక్కడ ఆ మొహానికి కారణం ఉంది, నమ్మకం.

అన్నీ అద్భుతం అని చెప్పను. అరటి తొక్క జోకు ఆ రోజుకే అరిగిపోయింది, కలలో ముత్యాల హారం కథ ఎవరికీ పట్టదు, దొంగల బంగళాలో విషం గ్లాసు సీను కాస్త లాగినట్టే ఉంటుంది. బిలియర్డ్స్ సీను మాత్రం మినహాయింపు. 13 నంబరు బంతిలో బాంబు పెట్టి విలన్లు తలుపు బయట చెవులు మూసుకుని వణుకుతుంటే, ఇతను తాపీగా ఆడుతూ మిగతా బంతులన్నీ కొడతాడు, ఆ ఒక్కదానికీ తగలనివ్వడు. చుట్టూ తిరుగుతాయి, వెంట్రుక వాసిలో పోతాయి, తగలవు. ఆ బంతిని ముందే మార్చేసి జేబులో వేసుకున్నాడని తర్వాత తెలుస్తుంది, ఛేజ్ లో తీసి వెనక వచ్చే కారు మీదకి విసిరేస్తాడు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నా. కలలో ఇతను ఇంత హడావిడి చేస్తుంటే, బయట నిజం ప్రపంచంలో కేసు ఎప్పుడో తేలిపోయింది. తేల్చింది హీరోయిన్. క్యాథరిన్ మెక్‌గ్వైర్ వేసిన ఆ అమ్మాయి నేరుగా తాకట్టు కొట్టుకి వెళ్ళి, గడియారం తెచ్చినవాడు ఎలా ఉంటాడు అని అడిగింది, అప్పుడే పోటీవాడు బయట కనపడ్డాడు, కొట్టువాడు అదిగో అతనే అన్నాడు, అయిపోయింది. డిటెక్టివ్ పుస్తకం లేదు, వెంబడించడం లేదు, బుర్ర ఉంది అంతే. హీరోని హీరో చెయ్యడానికి 45 నిమిషాలు పెట్టి, అసలు పని పక్కనున్న పిల్ల రెండు నిమిషాల్లో చేసేసిందని నవ్వుతూ చెప్పిన సినిమా, 1924 లో. చివర్లో ఆ అమ్మాయి క్షమాపణ చెప్పడానికి వస్తే, ఇతనికి ఏం చెయ్యాలో తెలీక ప్రొజెక్టర్ రూమ్ కిటికీలోంచి తెర వైపు చూసి, అక్కడ హీరో ఏం చేస్తే ఇక్కడ అది చేస్తుంటాడు, చెయ్యి పట్టుకోవడం, ఉంగరం తొడగడం, ముద్దు. తర్వాత తెర మీద ఒక్కసారిగా ఇద్దరు పసిపిల్లలతో కాపురం కనపడేసరికి తల గోక్కుంటాడు. మధ్యలో ఏం జరిగిందో సినిమా కట్ చేసేసింది కదా! మళ్ళీ అదే కట్, ఈసారి పడింది ఇతని బుర్ర మీద.

కాబట్టి ఎడిటర్ గారూ, నా కోరిక రెండే. ఆ ఫోటో కింద పేరు సవరించి వచ్చే వారం ఒక్క లైను వెయ్యండి. రెండోది, షెర్లాక్ జూనియర్ ఇప్పుడు అమెరికాలో కాపీరైట్ అయిపోయినదే, 2020 నుంచి ఎవరైనా చూడొచ్చు చూపించొచ్చు, నెట్ లో బోలెడు కాపీలు ఉన్నాయి. కానీ సగం కాపీలు అరిగిపోయినవి, కొన్నిట్లో వేగం పెంచేసి మనుషుల్ని చీమల్లా పరిగెత్తిస్తారు, ఇంకొన్నిట్లో పైనా కిందా కోసేస్తారు, అలా కోస్తే నేను పైన చెప్పిన కొలతలన్నీ బూడిదలో పోసినట్టే. మీ సినిమా పేజీ వాళ్ళు ఏది శుభ్రంగా బాగుచేసిన కాపీయో చూసి ఆ వివరం వేస్తే మేం పిల్లలకి అదే చూపిస్తాం. మూకీ కదా అని అసలు చప్పుడే లేని కాపీ పెట్టకండి, ఆ రోజుల్లో హాల్లో వాద్యాలు వాయించేవారు, మంచి సంగీతం ఉన్న కాపీ అయితే మరీ మంచిది. ఈసారి కీటన్ గురించి రాయించేటప్పుడు మెడ సంగతి రెండు లైన్లలో పెట్టి, ఆ తోట, రోడ్డు, సింహాలు, మంచు సీనుకి పేజీ ఇవ్వండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు